గిన్నె నిండా పొల్లు: ఒక పార్కు పంజరం కేసు

విజయనగరం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో జరిగిన కేసు ఇది. ఊరి పేరు, పార్కు పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క పార్కు మీద నాలుగు రోజులు గోల జరిగి, మిగతా ఊళ్లలోని ఇలాంటి పంజరాలు తప్పించుకుంటాయి. నేను ప్రైవేటుగా ప్రాక్టీసు చేసే పశువైద్యుణ్ణి. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు, ఈ మధ్య కుక్కలు. పంజరం పక్షుల్లో నేనేమీ నిపుణుణ్ణి కాను. అందుకే నేను వేసిన తప్పటడుగులు కూడా దాచకుండా రాస్తున్నాను. నాలాంటి జిల్లా డాక్టర్లకి ఎక్కువ పనికొచ్చేవి అవే.

అట్టపెట్టెలో వచ్చిన పిట్ట

2025 ఫిబ్రవరి మూడో వారంలో ఒకరోజు, ఉదయం తొమ్మిది కాకముందే, రిటైరైన లెక్కల మాస్టారొకాయన బూట్ల అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. రోజూ ఆ పార్కులో నడిచే మనిషి. "డాక్టరుగారూ, మీకు భయం లేకపోతే ఇది ఓసారి చూడండి" అన్నారు. భయం మాట ఎందుకంటే, అంతకు వారం ముందే గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ అని తేలింది. మా వీధి చివర చికెన్ కొట్టువాడు ఈగలు తోలుకుంటున్నాడు.

పెట్టెలో ఆకుపచ్చ బడ్జీ ఒకటి ఉంది. మనవాళ్లు లవ్ బర్డ్స్ అంటారే, అవే. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, ఇవి ఆస్ట్రేలియావి. మా ప్రాంతంలో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు, అమ్మేవాడు కూడా. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోంది. చూపుకి గుండ్రంగా, బొద్దుగా ఉంది. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. దానికి రెండుపక్కలా ఉండాల్సిన కండ లేదు. కుక్కపిల్లల్ని తూచే నా తూకం మీద దాని బరువు కనిపించనే లేదు. పక్కనున్న కంసాలి కొట్టుకి తీసుకెళ్లి తూయించాను. 22 గ్రాములు. మామూలుగా బడ్జీ 30 నుంచి 40 గ్రాముల మధ్య ఉంటుంది.

మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

సంక్రాంతి నుంచి లెక్కపెడుతున్నానని, ఇది పన్నెండోదని మాస్టారు చెప్పారు. లెక్కల మాస్టారు కదా, నమ్మాను.

అలాంటి రోజుల్లో చచ్చిన పక్షిని క్లినిక్ బల్ల మీద కోయడం తెలివైన పని కాదు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఐసు పెట్టెలో పెట్టి, ముందు పశుసంవర్ధక శాఖకి కబురు చేశాను. వాళ్లు వచ్చి నమూనాలు తీసుకెళ్లారు. ఫలితం వచ్చేదాకా పార్కు గేటుకి తాళం వేశారు. అది సరైన పనే. నాలుగు రోజుల తర్వాత బర్డ్ ఫ్లూ కాదని తేలింది. ఆ నాలుగు రోజుల్లోనే పంజరంలో ఇంకో ఐదు చచ్చాయి. ఊళ్లో అందరికీ అది రోగానికి రుజువుగా కనిపించింది. నాకూ అలాగే కనిపించింది. అసలు సంగతి వేరని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

పంజరం

24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు. పైన రేకు, చుట్టూ అంగుళం కన్నుల ఇనప వల, కింద మట్టినేల. 2012లో కట్టారట. అప్పట్లో పడమటి వైపు పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేదని, మధ్యాహ్నం దాటితే పంజరం అంతా నీడలోనే ఉండేదని మాస్టారు చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఆ చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది. పంజరం మాత్రం నిలబడింది. నీడ పోయిన పంజరానికి ఏంచేయాలని ఎవరూ అడగలేదు. నేను వెళ్లిన మధ్యాహ్నం మూడు గంటలకి రేకు కింద నిలబడితే తల మాడింది. ఫిబ్రవరిలోనే అలా ఉంటే మే నెల సంగతి ఊహించుకోండి. పక్షికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకోవడం, అంతే దానికున్న ఉపాయం.

లోపల తోరణంలా రంగు బల్బులు కట్టారు. రాత్రి పది దాకా వెలుగుతాయి. గోడ మీద నెమలి బొమ్మ. బయట బోర్డు: పక్షులకు ఆహారం వేయరాదు. బోర్డు కిందే జంతికల ముక్కలు, పాప్‌కార్న్, బఠాణీలు.

తలలు లెక్కపెట్టాం. బడ్జీలు 17, కాకటీల్స్ (తల మీద కుచ్చున్న చిన్న చిలుక జాతి) 3, జావా పిచ్చుకలు 4, తెల్ల పావురాలు 11, రామచిలుకలు 3. మొత్తం 38. పార్కు రిజిస్టరు తెప్పించి చూస్తే 2021లో కొన్నవి బడ్జీలు 20 జతలు, కాకటీల్స్ 4 జతలు, జావా పిచ్చుకలు 6 జతలు. పావురాల పేరే లేదు. ఎవరో గృహప్రవేశానికి ఎగరేయడానికి తెచ్చి మిగిలినవి ఇక్కడ వదిలారట, అవి పిల్లలు పెట్టాయి. రామచిలుకలు ఎలా వచ్చాయో అసలెవరికీ తెలియదు. ఇంట్లో పెంచుకోలేక రాత్రిపూట తలుపుసందులోంచి తోసి వెళ్లిపోయేవాళ్లుంటారు. రెండింటికి రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి.

చాలా బడ్జీల ముక్కు చుట్టూ, కాళ్ల మీద తేనెపట్టులా చిల్లులు పడిన తెల్లటి పొక్కు ఉంది. పొలుసు పురుగు చేసే పని అది. కొన్నిటికి ముక్కు వంకర తిరిగింది. నేల మీద మూలమూలలా ఎలుక బొరియలు.

పంజరం చూసే మనిషికి అరవై దాటి ఉంటాయి. నిజానికి ఆయన్ని పెట్టుకున్నది గడ్డికి నీళ్లు కట్టడానికి. పక్షులు ఆయనకి అదనపు పని. "గిన్నె నిండానే ఉంది గదా బాబూ. తినకపోతే నానేటి సేత్తాను?" అన్నాడు. చూశాను. నిజమే. రెండు మట్టి మూకుళ్లూ అంచుదాకా నిండి ఉన్నాయి.

తిండి ఉంది, నీళ్లున్నాయి, పక్షులు బక్కచిక్కి చస్తున్నాయి. పుస్తకం చదువుకున్న ఏ డాక్టరుకైనా మొదట తట్టేది అంటురోగమే. నీళ్ల పాత్రలో కలపమని ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాను. మూడు రోజుల్లో మూడు బడ్జీలు చచ్చాయి. ఆ మందు చేదు. పక్షులు ఆ నీళ్లు ముట్టడమే మానేశాయి. అసలే నీరసంగా ఉన్నవాటికి దాహం కూడా తోడైంది. ఆ మూడింటిలో ఎన్ని నా చేతిమీదుగా పోయాయో చెప్పలేను గానీ, ఒక్కటీ నావల్ల పోలేదని మాత్రం అనలేను.

పొల్లు

నాలుగో రోజు ఉదయం పార్కు ఊడ్చే ఆమె పంజరంలో చీపురు పెట్టి ఊడుస్తోంది. సెలవులకి వచ్చిన గరివిడి పశువైద్య కళాశాల విద్యార్థిని ఒకమ్మాయి నాతో ఉంది. ఇద్దరం వంగి రెట్టలు ఏరుకుంటున్నాం. చీపురు విసురుకి మూకుట్లోంచి దుమ్ములా ఏదో లేచి మా మొహాల మీద పడింది.

"గింజలు పోతున్నాయి, మెల్లిగా అమ్మా" అన్నాను.

ఆమె చీపురు ఆపి నా వంక జాలిగా చూసింది. "ఇది పొల్లు బాబూ. గింజైతే ఎగురుతాదేటి?"

మూకుడు ఎత్తి, నోటితో ఒక్క ఊదు ఊదింది. పైన ఉన్నదంతా లేచిపోయింది. అడుగున మట్టి కనిపించింది.

బడ్జీలూ జావా పిచ్చుకలూ గింజని గింజలా మింగవు. ముక్కుతో పట్టి, నాలుకతో తిప్పి, పైపొట్టు చీల్చి, లోపలి పప్పు తిని, ఆ పొట్టుని అదే గిన్నెలో రాలుస్తాయి. కొర్ర గింజ పొట్టు, కొర్ర గింజ, దూరం నుంచి రెండూ ఒకేలా మెరుస్తాయి. తిన్నకొద్దీ గిన్నె నిండుగానే కనిపిస్తుంది. పొద్దున్న వచ్చిన మనిషి నిండు గిన్నె చూసి, మేత మిగిలిందనుకుని, ఇంకో గుప్పెడు పైన చల్లి వెళ్లిపోతాడు. ఆ గుప్పెడు పావురాల పాలు. పావురాలు పొట్టు తీయవు, గింజని అలాగే మింగేస్తాయి, చకచకా పది నిమిషాల్లో. అవి లేచాక చిన్న పిట్టలు వస్తాయి, పొల్లులో ముక్కు పెట్టి వెతుక్కుంటాయి.

రెండు మూకుళ్లలోదీ పోగుచేసి తూచాం. 180 గ్రాములు. ఆమె ఇంటి నుంచి చేట తెచ్చి చెరిగింది. మిగిలిన గింజ 14 గ్రాములు, అందులో కొన్ని ఎలుక పెంటికలు. ఒక బడ్జీ రోజుకి ఆరేడు గ్రాముల గింజ తింటుంది. అంటే 14 బడ్జీలున్న పంజరంలో రెండింటికి సరిపడా తిండి, బారెడు పొల్లు కింద.

"ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?" అని అడిగాను.

"నానెప్పుడూ సూత్తన్నదే."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"నన్నెవులు అడిగినారు బాబూ?"

అడగలేదు. నేనూ అడగలేదు. నాలుగు రోజులుగా ఆమె పక్కనుంచే నడుస్తున్నాను. అంతకన్నా సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటుంది. అంతకు ముందు ఏడాది మా చెల్లెలి పిల్లల్ని ఇదే పార్కుకి తీసుకొచ్చి, ఇదే వల దగ్గర నిలబెట్టి, "చూడండర్రా, ఎంత బొద్దుగా ఉన్నాయో" అన్నాను. చలికి, ఆకలికి పక్షి ఈకలు ఉబ్బించుకుంటుంది. ఒంట్లో వేడి కాపాడుకోవడానికి దుప్పటి కప్పుకోవడం లాంటిది అది. డాక్టరుని అయ్యుండి కూడా దాన్ని ముద్దుగా చూశాను.

అప్పుడు గేటు తాళం సంగతీ అర్థమైంది. బోర్డుని ఖాతరు చేయకుండా పిల్లలు విసిరిన పాప్‌కార్న్ పొడి, జంతికల నలుసులే ఆ పిట్టల ప్రాణం నిలబెట్టాయి. ఉప్పు, నూనె, ఏదైతేనేం, తిండి. నాలుగు రోజులు గేటు మూస్తే అదీ ఆగింది. మూకుడు నిండానే ఉంది కాబట్టి లోపలికి ఎవరూ వెళ్లలేదు.

కోసి చూస్తే

ఐసులో దాచినవి మూడు, మందు రోజుల్లో పోయినవి మూడు, మొత్తం ఆరు బడ్జీల్ని కోశాను. ఆరింటిలోనూ రొమ్ము కండ అరిగిపోయింది. చర్మం కింద గానీ, కడుపులో గానీ కొవ్వు నలుసు లేదు. కందనకాయలో ఇసక, పొట్టు ముక్కలు, ఒకదానిలో థర్మకోల్ పూస. ఆసనం చుట్టూ ముదురాకుపచ్చ మరక. తిండి లేని పక్షి రెట్ట అలాగే ఉంటుంది, పేగులో పైత్యం తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి. దాన్ని చూసి చాలామంది పచ్చ విరేచనాలు, అంటురోగం అనుకుంటారు. నేనూ అనుకున్నవాణ్ణే. రెండింటి పేగుల్లో ఏలిక పాములున్నాయి. మట్టినేల పంజరాల్లో అవి మామూలే, గుడ్లు మట్టిలోనే ఉండి మళ్లీ మళ్లీ ఎక్కుతాయి.

బతికున్నవాటి రెట్టల్ని గాజుపలక మీద నీటి చుక్కలో కలిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, నాలుగు నమూనాల్లో పొడవాటి పుల్లల్లాంటివి కనిపించాయి. మాక్రోరాబ్డస్ అనే బూజు జాతి. బడ్జీల జీర్ణాశయంలో చేరి, ఎంత తిన్నా ఒంటపట్టకుండా చేస్తుంది, గింజలు రెట్టలో అలాగే వచ్చేస్తాయి. ఒకప్పుడు దీన్ని బాక్టీరియా అనుకునేవాళ్లు. దీనికి నోటిద్వారా ఇచ్చే యాంఫోటెరిసిన్ పనిచేస్తుంది. మా జిల్లాలో ఆ రూపంలో నాకు దొరకలేదు. ఆ నాలుగింటిని వేరుచేసి ఉంచగలిగానంతే.

నా నిర్ధారణ ఒక్క ముక్క: ఆకలి. పురుగులు, పొలుసు, బూజు, ఎండ, అన్నీ దాని మీద వచ్చి చేరినవే. కడుపునిండా తిన్న పక్షి వీటిలో చాలావాటిని తట్టుకుంటుంది.

ఆకలి లెక్క

ఇది ఎవరి తప్పు అని మాస్టారు కోపంగా అడిగారు. ఆయన దృష్టిలో ముసలాయనే దోషి. నేను మేత బిల్లులు చూశాను.

2021లో 60 చిన్న పక్షులకి వారానికి మూడున్నర కేజీల గింజ లెక్కకట్టారు. రోజుకి 500 గ్రాములు. ఆ లెక్క తప్పు కాదు, ఎవరో తెలిసినవాళ్లే వేశారు. తర్వాత పిట్టలు చచ్చిపోతూ వచ్చాయి. తలలు తగ్గాయి కదా అని మేతని రెండు కేజీలకి కోశారు. రోజుకి 285 గ్రాములన్నమాట. కాగితం మీద ఇదీ న్యాయంగానే ఉంది. కానీ కాగితం మీద పావురాలు లేవు. పావురం రోజుకి సుమారు 30 గ్రాములు తింటుంది. పదకొండింటికి 330. వచ్చే మేత రిజిస్టరులో పేరే లేని పావురాలకే చాలదు. ఆ తర్వాత రామచిలుకలు, ఆ తర్వాత ఎలుకలు. మిగిలిందేమైనా ఉంటే రిజిస్టరులో ఉన్న పిట్టలకి.

ఇంకో సంగతి. గింజలిచ్చే కొట్టాయన్ని అడిగితే, మిల్లెట్ల మోజు వచ్చాక పాత ధరకి కొర్రలు రావడం లేదని, అందుకని నూకలు కలుపుతున్నానని చెప్పాడు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా చేశారు కదా, మన కొర్రలు ఊళ్లో సుగరున్న వాళ్ల పళ్లేల్లోకి వెళ్లాయి, పంజరంలోకి నూకలు వచ్చాయి. ముసలాయన మాత్రం జీతం మూడు నెలలకోసారి వస్తున్నా అప్పుడప్పుడు ఇంటి నుంచి చద్దన్నం తెచ్చి వేసేవాడట. ఈ మాట ఆయన చెప్పలేదు, ఊడ్చే ఆమె చెప్పింది. మాస్టారు తర్వాత ఆయన్ని ఏమీ అనలేదు.

పట్టుకోవడం, వేడి, మందు

రాత్రి చీకట్లో పట్టాం. పగలు పడితే ఎగిరి ఎగిరి వలకి కొట్టుకుని చస్తాయి. బడ్జీలని పాత మిరియాల డబ్బాలో పెట్టి కంసాలి తూకం మీద తూచాం. తేలికైనది 21 గ్రాములు, బరువైనది 29. బరువుని బట్టి మూడు గుంపులు చేసి, 25 లోపు ఉన్నవాటిని నా క్లినిక్‌కి తెచ్చాను. అట్టపెట్టెలకి వల కట్టి, పక్కన 60 వాట్ల బల్బు పెట్టి, లోపల 30 డిగ్రీలు ఉండేలా చూశాను. చిక్కిన పక్షికి మొదటి మందు వేడి, రెండోది నీరు, మూడోది తిండి. ఈ వరస తిరగేస్తే పోతుంది. మొదటి రోజు గ్లూకోజు, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు మొండి సూదితో కొద్దికొద్దిగా. రెండో రోజు నుంచి నానబెట్టిన కొర్రలు, మొలకెత్తిన సజ్జలు.

పొలుసు పురుగుకి ముసలాయన ఇదివరకు కిరసనాయిలు రాశాడట. దయచేసి ఎవరూ రాయకండి, చర్మం కాలుతుంది, ముక్కుతో దువ్వుకుంటే కడుపులోకి పోతుంది. ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. కానీ మన దగ్గర దొరికేది గేదెలకిచ్చే 1 శాతం ఇంజెక్షను. కేజీకి 0.2 మిల్లీగ్రాముల చొప్పున 30 గ్రాముల పిట్టకి కావాల్సింది 0.006 మిల్లీగ్రాములు. ఆ సీసాలోని ఒక్క చుక్కలో దానికి ఎనభై రెట్లుంటుంది. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో యాభై వంతులు పల్చన చేసి, 0.03 మిల్లీలీటర్లు మెడ వెనక చర్మం మీద పెట్టాను, రెండు వారాలకి ఇంకోసారి. చుక్కల లెక్కన వేస్తే పురుగుతో పాటు పిట్ట కూడా పోతుంది.

ఏలిక పాములకి మందు వేసేటప్పుడు ఒక జాగ్రత్త: మనం మేకలకి కళ్లు మూసుకుని ఇచ్చే ఫెన్‌బెండజోల్ పావురాలకి విషంలా పనిచేయవచ్చు. అందరికీ కలిపి నీళ్లలో పోసే పద్ధతి ఇలాంటి కలగలుపు పంజరంలో పనికిరాదు.

ముసలాయనకి దగ్గు ఉంది, చాలాకాలంగా. ఎండు రెట్టల దుమ్ములో సిట్టకోసిస్ అనే జబ్బు కారకం ఉండొచ్చు, మనుషుల ఊపిరితిత్తులకి అంటుతుంది. నా దగ్గర దానికి పరీక్ష లేదు. ఆయన్ని ఆసుపత్రికి పంపుతూ, "తాతా, డాక్టరుగారు అడక్కపోయినా సరే, పక్షుల దగ్గర పనిచేస్తానని చెప్పు" అన్నాను. అప్పటినుంచి ఊడ్చేముందు నీళ్లు చల్లి, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఊడుస్తున్నారు.

మొదటి వారంలో రెండు బడ్జీలు పోయాయి, తర్వాత ఇంకోటి. మూడూ రెట్టలో ఆ బూజు కనిపించినవే. ఒక కాకటీల్ అర్ధరాత్రి ఎలుక కదిలిన చప్పుడుకి బెదిరి, చీకట్లో వలకి కొట్టుకుని రెక్క విరిగి చచ్చింది. కాకటీల్స్‌కి ఈ రాత్రి బెదురు ఉన్నదే. రంగు బల్బులు పీకించి, మూలన ఒక చిన్న గుడ్డి దీపం పెట్టించాను.

పంజరానికి చేసిన మార్పులు పెద్దవేమీ కావు. అర అంగుళం వల, గోడ అడుగున ఎలుక తవ్వలేకుండా సిమెంటు. కొత్త జింకు పూత వలని కట్టేముందు వెనిగర్ నీళ్లతో రుద్ది కడిగించాను. ముక్కుతో వల పట్టుకుని పాకే పక్షులకి ఆ తెల్లటి పొడి కడుపులోకి పోతే జింకు విషం ఎక్కుతుంది. పడమటి వైపు తాటాకు తడికెలు. తోటకూర, మునగాకు. సున్నానికి సముద్రపు నురుగు, అంటే కటిల్ ఫిష్ ఎముక. చింతపల్లి బీచికి వెళ్లినప్పుడు ఒడ్డున ఏరుకొచ్చి, వారం రోజులు మంచినీళ్లలో నానబెట్టి ఎండబెట్టాను. మార్కెట్లో అదే ముక్క ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు. పావురాల్ని వేరే గూటికి మార్చాం.

మేతకి ఒక స్టీలు గ్లాసు పెట్టి, దానికి గీత గీశాం. పొద్దున్న ఏడింటికి ఆ గీత దాకా. వేసేముందు మూకుడు ఊదాలి. ఆ పని ఊడ్చే ఆమెకి అప్పగించాం.

చట్టం దగ్గరికి వస్తే

జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది. జంతువుకి కదలడానికి చాలని పంజరంలో పెట్టడం, తగిన తిండీ నీరూ ఇవ్వకపోవడం, రెండూ 11వ సెక్షను కింద నేరాలే. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఇది చదివి వినిపిస్తే మాస్టారు నవ్వారు. ఆ రోజు వారం మేతకి పెట్టిన ఖర్చు అంతకన్నా ఎక్కువ.

రామచిలుకల సంగతి వేరు. అవి మన దేశపు అడవి పక్షులు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఇంట్లోనైనా పార్కులోనైనా పంజరంలో పెట్టడం నేరం. అలాంటివాటిని జనానికి ప్రదర్శించాలంటే కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు ఉండాలి. విదేశీ పక్షులైన బడ్జీ, కాకటీల్ ఆ చట్టం జాబితాల్లో లేవు కాబట్టి ఆ రక్షణ వాటికి పట్టదు. మూడు చిలుకల్నీ అటవీశాఖకి అప్పగించాం. కత్తిరించిన రెక్కలు మళ్లీ రావాలంటే పాత ఈకలు రాలి కొత్తవి మొలవాలి, దానికి నెలలు పడుతుంది.

ఈ మధ్యలో ఒక కుర్రాడు వీడియో తీస్తూ "తలుపు తీసి వదిలేయండి సార్, స్వేచ్ఛ" అన్నాడు. మంచి మనసే. తరతరాలుగా పంజరంలో పుట్టిన బడ్జీ మన ఊళ్లో బయటికి వెళ్తే సాయంత్రానికి కాకుల పాలు. వీడియో మాత్రం బాగా వచ్చేది.

మనవాళ్లకి పక్షులంటే ప్రేమ లేదనడం కూడా అన్యాయం. పక్కనే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తకొట్టు కొంగలు. రెట్టల వాసన భరిస్తారు, ఎవరినీ రాయి వేయనివ్వరు, అవి రాకపోతే ఆ ఏడు మంచిది కాదనుకుంటారు. ఆ ఊళ్లలో ఏ పక్షి తక్కువైనా ముసలమ్మలకి కూడా తెలుస్తుంది. మా పంజరంలో 60 పక్షులు 38 అయ్యేదాకా, అందులో 14 రిజిస్టరులో లేని జాతులని తెలిసేదాకా, లెక్క చూసినవాడు ఒక్క మాస్టారే.

ఆరు వారాల తర్వాత

మార్చి చివరికి 11 బడ్జీలు మిగిలాయి. తేలికైనది 29 గ్రాములు, బరువైనది 36. జావా పిచ్చుకలు నాలుగూ బాగున్నాయి. కాకటీల్స్ రెండు.

సరిగ్గా అప్పుడే ఉగాది ముందు, పార్కుని మళ్లీ ప్రారంభిస్తామని, 25 జతలు కొత్తవి తెస్తామని కబురొచ్చింది. వద్దని రాతపూర్వకంగా ఇచ్చాను. నేను రాసింది ఇదీ: కొత్త పక్షి ఒక్కటీ తేవద్దు, గూటి కుండలు తీసేయండి, ఉన్నవి తమ ఆయుష్షు బతికి పోయాక పంజరం ఖాళీగా వదలండి, దాని చుట్టూ పూలమొక్కలు వేస్తే అవే పిట్టల్ని తెస్తాయి. కొత్తవి తేలేదు. నా ఉత్తరం వల్లనా, డబ్బులు రాకా అన్నది నాకు చెప్పలేదు. కుండలు తీయడానికి మాత్రం మూడుసార్లు వెళ్లాల్సొచ్చింది. పిల్లలు పెడితే చూడ్డానికి బాగుంటుందని ఎవరో ఒకరు మళ్లీ కట్టేవాళ్లు.

మేతకి వేరే పద్దు కావాలన్న ఫైలు ఇంకా కదలలేదు. ప్రస్తుతం ఉదయం నడిచేవాళ్లు నెలకి తలా వంద వేసుకుంటున్నారు. ఇది నాకు నచ్చలేదు. మాస్టారు ఉన్నంతకాలం నడుస్తుంది, ఆయన మోకాళ్లు మొరాయిస్తే ఆగిపోతుంది. ఆ మాట ఆయనతోనే అన్నాను. "అందుకే లెక్క పుస్తకం పెట్టించాను కదా" అన్నారు.

పుస్తకం అంటే ఊడ్చే ఆమె దగ్గరుండే నలభై పేజీల నోటుబుక్కు. ఆమెకి చదువు రాదు, మనవడు రాస్తాడు. నెలకోసారి కంసాలి తూకం అడిగి తెచ్చుకుంటారు. నవంబరులో వెళ్తే బడ్జీలు పది కనిపించాయి. పదకొండోది ఏదని అడిగాను. మూకుడు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, పుస్తకం తెరిచి పట్టుకుంది. తేదీ, దాని కింద పెన్సిలుతో: "నీలిది. సచ్చిపోనాది. 33 గ్రా."

ముప్పై మూడు. పంజరంలోంచి తీసి, చచ్చాక తూచారు. ఆకలితో కాదు. కోసి చూద్దామా అని అడిగాను. అప్పటికే చెట్టు కింద పాతిపెట్టేశానని చెప్పింది.